మీ ఉద్యోగుల ప్రొఫైళ్లు ఇకపై వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి

ఇంటి నుంచి పనిచేసే మీ సిబ్బంది కంప్యూటర్లను మాకు అప్పగించిన వాళ్లందరికీ,

ఈమధ్య కొందరు ఉదయం లాగిన్ అయ్యేసరికి డెస్క్‌టాప్ ఖాళీగా కనిపించింది. ఫైళ్లు లేవు, ప్రింటర్ లేదు, బ్రౌజర్‌లో దాచుకున్న లింకులూ లేవు. ఏం జరిగిందో మీరు మా నోటి నుంచే వినాలి.

మేం వాడుతున్న ప్రొఫైల్ సాఫ్ట్‌వేర్ ఒక్కో ఉద్యోగి ప్రొఫైల్‌ని, అంటే డెస్క్‌టాప్, ఫైళ్లు, సెట్టింగులు అన్నిటినీ, ఒకే డిస్క్ ఫైల్‌గా సర్వర్‌లో ఉంచుతుంది. లాగిన్ కాగానే వీపీఎన్ (ఇంటి ఇంటర్నెట్ నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే దారి) మీదుగా దాన్ని తెరుస్తుంది. రెండుచోట్ల ఒకేసారి తెరుచుకోకుండా ఆ ఫైల్‌కి లాక్ పడుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్ తర్వాత, సైన్ అవుట్ చేయకుండా ల్యాప్‌టాప్ మూత మూసేస్తే ఆ లాక్ ఊడటం మానేసింది. మళ్లీ లాగిన్ అయితే అసలు ప్రొఫైల్ దొరక్క, విండోస్ తాత్కాలిక ప్రొఫైల్ తెరిచింది. అందులో సేవ్ చేసింది సైన్ అవుట్ కాగానే పోతుంది. విండోస్ ఆ హెచ్చరిక చూపిస్తుంది, కానీ పని హడావుడిలో ఉన్న మనిషి దాన్ని చదవలేదని తప్పుపట్టలేం. పాత ఫైళ్లన్నీ సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి, తిరిగి ఇచ్చాం. ఖాళీ డెస్క్‌టాప్ మీద కొత్తగా చేసిన పని మాత్రం రాలేదు.

లాగ్‌లు, స్క్రీన్‌షాట్‌లు, లాక్ ఎక్కడ ఇరుక్కుంటోందో చూపే వివరాలు అన్నీ ఆ కంపెనీకి పంపాం. ‘మీ వాళ్ల ఇళ్లలో వైఫై సరిచూసుకోండి’ అని జవాబొచ్చింది. అప్‌డేట్ వెనక్కి తీసేస్తే సమస్య పోతోందని నిరూపించి చూపాక కూడా అదే మాట. ఇన్నేళ్లు వాళ్ల సాఫ్ట్‌వేర్‌ని నలుగురికీ సిఫారసు చేసినవాళ్లం. ఆ జవాబు నాకింకా మింగుడు పడటం లేదు. తర్వాత సరిచేసిన వెర్షన్ వచ్చిందన్నారు, ధర తగ్గిస్తామన్నారు. నాకొద్దన్నాను.

అసలు నిద్ర పట్టనివ్వనిది, దాని స్థానంలో ఏం పెట్టాలన్నదే. విండోస్‌లో పాతకాలం నుంచీ ఉన్న రోమింగ్ ప్రొఫైల్‌కి వెళ్లొచ్చు. అది సైన్ అవుట్ అయినప్పుడే మార్పులను సర్వర్‌కి కాపీ చేస్తుంది. ఇంట్లో ఎవరూ సైన్ అవుట్ చేయరు, మూత మూసేస్తారు. పైగా లైన్ 500 కేబీపీఎస్ కంటే తగ్గిందని తోస్తే, మామూలు సెట్టింగుల్లో విండోస్, సర్వర్‌లో ఉన్న కాపీని వదిలేసి, ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్నే తెరుస్తుంది. ఆఫీసు నెట్‌వర్క్ కోసం పుట్టిన పద్ధతిని ఇంటి ఇంటర్నెట్ మీద రుద్దడం నాకు నచ్చలేదు.

చివరికి ప్రొఫైల్‌ని ల్యాప్‌టాప్‌లోనే ఉంచుతున్నాం. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ స్టోరేజీ వన్‌డ్రైవ్‌తో సింక్ అవుతాయి. పాస్‌వర్డ్ నియమాలు, అప్‌డేట్లు, డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఇంట్యూన్ (కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా నిర్వహించే మైక్రోసాఫ్ట్ సేవ) నుంచి వెళ్తాయి. వాటికి వీపీఎన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ ఉంటే చాలు.

దీనివల్ల ఒకటి పోతుంది. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తన డెస్క్‌టాప్ ఉన్నదున్నట్టు ప్రత్యక్షమయ్యే సౌకర్యం ఇక ఉండదు. మేం గర్వంగా చూపించుకున్నది అదే, మీలో చాలామంది మా దగ్గరికి వచ్చిందీ దానికోసమే. వదులుకోవడానికి మనసొప్పలేదు. కానీ ఇంటి నుంచి పనిచేసేవాళ్లు రోజూ ముట్టుకునేది ఒకే ల్యాప్‌టాప్. ఎప్పుడో ఒకసారి పనికొచ్చే సౌకర్యం కోసం రోజూ ఉదయం లాగిన్‌ని పణంగా పెట్టలేను.

వన్‌డ్రైవ్‌ని బ్యాకప్ అనుకోవద్దని మీ వాళ్లకు చెప్పండి. ఒకచోట డిలీట్ చేస్తే అన్నిచోట్లా పోతుంది. ఆఫీసు ఖాతాల్లో అది మామూలుగా 93 రోజులు రీసైకిల్ బిన్‌లో ఉంటుంది, అంతే. అందుకే బ్యాకప్ విడిగా కొనసాగిస్తున్నాం. అవుట్‌లుక్ మెయిళ్లను కంప్యూటర్‌లో దాచే పీఎస్‌టీ ఫైళ్లు సింక్‌ని ఇబ్బంది పెడతాయి, వాటిని మేమే వేరే చోటికి మారుస్తాం.

మీ ఆఫీసు వంతు ఎప్పుడో విడిగా తెలియజేస్తాం. మార్పు జరిగే రోజు ఛార్జర్ తగిలించి ఉంచితే చాలు. అప్పటిదాకా పని ముగించాక ప్రతి ఒక్కరితోనూ సైన్ అవుట్ చేయించండి. ఉదయం డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తే అందులో ఏమీ సేవ్ చేయకుండా వెంటనే మాకు ఫోన్ చేయమనండి.