పనిముట్ల నిధి జమా ఖర్చులు, సేల్‌లో కొన్న యూరప్ పనిముట్ల గొడవతో సహా

సభ్యులందరికీ నమస్కారం.

అందరం కలిసి వాడుకునే పనిముట్లు కొనడానికి పోగుచేసిన నిధికి మూడు నెలల్లో లెక్క చూపిస్తామన్నాం, ఐదు నెలలైంది. ఎందుకు ఆలస్యమైందో కింద టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బలంగా బిగుస్తోందో కొలిచే రెంచ్) దగ్గర రాశాం. ఈలోగా "సేల్ అనగానే కమిటీ వాళ్ళకి పూనకం వచ్చింది", "ఇనప ముక్కకి అంత పెడతారా ఎవరైనా" లాంటి మాటలు మా దాకా వచ్చాయి. రాకుండా ఎలా ఉంటాయి, సగం మా ముందే అన్నారు కదా. సరే, ఏదీ దాచకుండా రాస్తున్నాం, చదివాక కూడా కోపం ఉంటే అప్పుడు తిట్టండి.

ఒక్కో సభ్యుడు ఇస్తానన్న మొత్తాన్ని ఒక వాటాగా పెట్టుకుని లెక్కంతా వాటాల్లోనే రాశాం, చిల్లర సర్దేశాం. అసలు అంకెలు బిల్లుల ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

జమ

గడువులోగా వచ్చిన వాటాలు: 29
గడువు దాటాక వచ్చినవి: 2
ఒక పెద్దాయన విడిగా ఇచ్చినవి: 3
పాత తుప్పు సామాను అమ్మితే వచ్చింది: 1
మొత్తం: 35

ఇస్తామని చేతులెత్తింది 36 మంది. ఇచ్చింది 31 మంది. మిగతా ఐదుగురి పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళకి తెలుసు, మాకూ తెలుసు. ఆ ఐదుగురిలో ఇద్దరు ఇప్పటికే పనిముట్లు తీసుకెళ్ళి వాడుకున్నారన్న సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాం. మూడు వాటాలు విడిగా ఇచ్చిన పెద్దాయన జీవితమంతా లేత్ మెషిన్ మీద పనిచేసి రిటైరైనవారు. పేరు వద్దన్నారు. ఆయనకి కమిటీ తరఫున చాలా చాలా కృతజ్ఞతలు, డబ్బుకే కాదు, ఏది కొనాలో ఏది కొనకూడదో చెప్పినందుకు కూడా. ఒక్కచోట ఆయన మాట వినలేదు, అక్కడే దెబ్బతిన్నాం. అదీ వస్తుంది.

ఖర్చు

సుత్తులు, హ్యాక్సా ఫ్రేములు, కొలత టేపులు, ఆకురాళ్ళు, క్లాంపులు: 3

ఇవన్నీ మామూలు రకమే, ఏ సేల్‌లోనూ కాదు. సుత్తికి ఏ దేశపు ముద్ర ఉన్నా మేకు ఒకేలా దిగుతుంది. హ్యాక్సాకి ఫ్రేము ఏదైనా పర్వాలేదు కానీ బ్లేడు మంచిది కావాలి, అందుకని బ్లేడ్ల మీద మాత్రం కాస్త ఎక్కువ పెట్టాం. దీని మీద ఎవరూ ఏమీ అడగలేదు, ముందుకి వెళ్దాం.

పెట్టె, నూనె, పనిముట్ల మీద నంబర్లు చెక్కించడం: 1

ఎలన్ కీల (తలలో ఆరు పలకల గుంట ఉన్న బోల్టులు తిప్పేవి) సెట్టు: 1

రవాణా, దిగుమతి సుంకం: 2

ఇక్కడ ఒక అనుమానం వచ్చింది. బిల్లులో ఉన్న మొత్తం కంటే మేము రాసింది ఎక్కువగా ఉందని. నిజమే, ఎక్కువే. జర్మనీలో అమ్మకపు రేటులో 19 శాతం పన్ను కలిసే ఉంటుంది, సరుకు యూరోపియన్ యూనియన్ దాటి బయటికి పంపేటప్పుడు చాలామంది అమ్మేవాళ్ళు దాన్ని తీసేసి బిల్లు ఇస్తారు. అందుకే బిల్లు చిన్నదిగా కనిపిస్తుంది. సరుకు దిగాక ఇటువైపు సుంకం, పన్ను, కొరియర్ వాడి చార్జీ విడిగా కట్టాలి, ఆ రసీదులు వేరే కాగితాల మీద ఉంటాయి. రెండూ కలిపి చూడకపోతే కమిటీ ఏదో మింగేసినట్టే అనిపిస్తుంది. రెండూ పిన్నుతో కలిపి కుట్టి పెట్టాం. సేల్‌లో తగ్గింపు చూసి ఎగిరి గంతేసేవాళ్ళు ముందు ఈ లెక్క వేసుకోవాలి, మూడో వంతు తగ్గింపులో సగానికి సగం ఇక్కడే కరిగిపోయింది.

ప్లయర్లు, నాలుగు: 8

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. సమాంతర దవడల ప్లయర్ రెంచ్ రెండు సైజులు, పైపులు పట్టే వాటర్ పంప్ ప్లయర్ ఒకటి, తీగలు కోసే సైడ్ కటర్ ఒకటి. మొదటి మూడూ 1882లో మొదలైన జర్మన్ కంపెనీ క్నిపెక్స్‌వి, వుప్పర్టాల్ అనే ఊళ్ళో ఉంటుంది. నాలుగు ప్లయర్లకి ఎనిమిది వాటాలా, ఆ డబ్బుకి మామూలువి డజన్ల లెక్కన వచ్చేవి అన్నారు. వచ్చేవి. డజన్ ప్లయర్లతో డజన్ నట్లు గుండ్రంగా అరగ్గొట్టుకునేవాళ్ళం.

మామూలు ప్లయర్ దవడలు కత్తెరలా తెరుచుకుంటాయి, నట్టుని మూలల దగ్గరే పట్టుకుంటాయి, బలం పెడితే జారి మూలల్ని చెక్కేస్తాయి. ఈ ప్లయర్ రెంచ్‌లో దవడలు ఎంత తెరిచినా ఒకదానికొకటి సమాంతరంగానే ఉంటాయి, నున్నగా ఉంటాయి, చేతి బలాన్ని పది రెట్లకి పైగా పెంచి నట్టు పలకల మీద పూర్తిగా ఆనుతాయి. అందుకే క్రోమ్ పూసిన కుళాయి నట్టుని కూడా గీత పడకుండా విప్పొచ్చు. మిల్లీమీటర్ నట్టైనా అంగుళాల నట్టైనా దానికి ఒకటే. లోపలికి పోయిన బోల్టు దగ్గర మాత్రం పనికిరాదు, అక్కడ నట్టు మీద తొడిగే సాకెట్ పెట్టాల్సిందే, ఇది మేము కొన్న రోజు నుంచీ చెబుతున్నాం, అయినా ఒకరు అక్కడే ప్రయత్నించి "ఇదేం బాగోలేదు" అని తీర్పు ఇచ్చేశారు.

ఇంట్లో ఏడాదికి రెండుసార్లు కుళాయి బిగించుకునేవాళ్ళు ఇది కొనక్కర్లేదు, సేల్‌లో కూడా అక్కర్లేదు. మనం 31 మందిమి, వారంలో ఖాళీగా ఉన్న రోజు లేదు దానికి. పనిముట్లు తీసుకెళ్ళేటప్పుడు సంతకం పెట్టే పుస్తకం చూడండి.

తగ్గింపు మాటకొస్తే, సేల్‌కి పది వారాల ముందు నుంచీ ప్రతి ఆదివారం రేటు నోటుబుక్‌లో రాసుకున్నాం. ఆఫర్ రోజున చీటీ మీద 35 శాతం అని ఉంది. మా నోటుబుక్ ప్రకారం మామూలు రోజుల రేటు కంటే తగ్గింది 18 శాతం. మిగతాది ఎవరూ ఎన్నడూ కొనని ముద్రించిన రేటు మీద తగ్గింపు. అయినా కొన్నాం, ఎందుకంటే ఆ ప్లయర్లు సేల్ లేకపోయినా కొనాలని ముందే జాబితాలో రాసుకున్నవి.

ప్లయర్ రెంచ్‌లో చిన్న సైజు, 180 మిల్లీమీటర్లది, మాత్రం పూర్తి రేటుకి కొనాల్సి వచ్చింది. "సేల్‌లో కొన్నామన్నారుగా, ఇదేంటి" అని బిల్లు చూసిన ఒకరు అడిగారు. గడువు దాటాక వచ్చిన ఆ రెండు వాటాలు సేల్ ముగిసిన రెండో రోజున వచ్చాయి. ఇంతకంటే ఏమీ రాయం.

సగం ధరకే అదే ప్లయర్ ఇస్తామన్న ఆన్‌లైన్ దుకాణం ఒకటుంది, మాకు ముగ్గురు లింకు పంపారు. ముద్ర అక్షరాలు పూసినట్టున్నాయి, మోడల్ నంబరు అసలు కేటలాగులో లేదు. నకిలీ అని వదిలేశాం. మన సభ్యుడొకరు సొంతానికి కొనుక్కున్నారు, నెల తిరక్కుండా దవడల సైజు మార్చే బటన్ ఊడి చేతిలోకి వచ్చింది.

సైడ్ కటర్ అంచున గంటు పడింది. తయారీ లోపం కాదు. ఎవరో దానితో స్ప్రింగు తీగ కత్తిరించారు. రాగి తీగ, మామూలు ఇనప తీగ కోసే అంచుకి పియానో తీగ లాంటి గట్టి ఉక్కు తగిలిస్తే ఎంత ఖరీదైనదైనా గంటు పడుతుంది, దానికి వారంటీ ఇవ్వరు. తీగని కీలుకి దగ్గరగా పెడితే ఇంకా కోస్తోంది కాబట్టి కొత్తది కొనలేదు. ఎవరు చేశారో పుస్తకంలో తేదీ చూస్తే తెలిసిపోతుంది, కానీ గొడవ వద్దు.

ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్లు: 4

విహా అనే జర్మన్ కంపెనీవి, 1939 నాటిది, విల్లీ హాన్ అనే ఆయన పేరులోంచి వచ్చిన పేరు. ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం ప్రకారం ఒక్కోదాన్ని 10,000 వోల్టుల దగ్గర పరీక్షించి 1000 వోల్టుల దాకా వాడొచ్చని ముద్ర వేస్తారు. కరెంటు పనికి వాడేదాని దగ్గర పిసినారితనం చేయలేదు, చేయం కూడా. ఒక్క మాట, ప్లస్ గుర్తున్నవన్నీ ఒకటి కావు. ఫిలిప్స్ వేరు, పోజిడ్రైవ్ వేరు. పోజిడ్రైవ్ స్క్రూ తల మీద ప్లస్ చేతుల మధ్య ఖాళీల్లో నాలుగు సన్నటి గీతలు ఉంటాయి. దానికి ఫిలిప్స్ పెట్టి తిప్పి తల అరగ్గొట్టి "ఇంత డబ్బు పోసిన స్క్రూడ్రైవర్ కూడా జారుతోంది" అని ఫిర్యాదు రాశారు. పెట్టెలో రెండూ ఉన్నాయండీ.

టార్క్ రెంచ్: 7, దాని కాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తోందో లేదో పరీక్షించడం): 1

అన్నిటికంటే ఎక్కువ అనుమానం దీని మీదే. మూడు వారాల పాటు కమిటీ సభ్యుడి ఇంట్లో ఉందన్నది నిజం. ఎందుకున్నదో చెబుతాం. హాజెట్ అని రెమ్‌షైడ్‌లో 1868 నుంచి ఉన్న కంపెనీది ఆర్డరిచ్చాం. అమ్మినవాళ్ళు దాన్ని పరీక్ష సర్టిఫికెట్ లేకుండా పంపారు, అడిగితే పది రోజులు జవాబు లేదు, తర్వాత తిరిగి పంపమన్నారు. తిరిగి పంపితే రవాణా మళ్ళీ మన నెత్తిన. అందుకని ఇక్కడే పరీక్ష కేంద్రంలో కాలిబ్రేషన్ చేయించాం, వాళ్ళ దగ్గర వరుస పెద్దగా ఉంది, వంతు వచ్చేదాకా ఇంట్లో పెట్టాం. ఎవరికీ ఇవ్వలేదు, వాడలేదు. సర్టిఫికెట్ వచ్చాకే లెక్క మూయాలనుకున్నాం, ఈ రెండు నెలల ఆలస్యం అదే.

ఏడు వాటాలు ఎందుకంటే, ఇది బలం చూపించే పనిముట్టు కాదు, కొలిచే పనిముట్టు. ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పది న్యూటన్ మీటర్లు (బిగింపు బలానికి కొలత) దాటిన రెంచ్‌లకి తేడా నాలుగు శాతం అటూ ఇటూ మించకూడదు. చవక దాన్లో నలభై అని పెడితే ఎంత బిగుస్తుందో దానికే తెలియదు, అల్యూమినియం భాగంలో మర తెగిపోయాక మనకి తెలుస్తుంది. ఇంకో సంగతి, కాలిబ్రేషన్ ఒక్కసారితో అయిపోదు. 5000 సార్లు వాడినా, ఏడాది గడిచినా మళ్ళీ చేయించాలి. అంటే వచ్చే ఏడాది కూడా ఈ పద్దు ఉంటుంది, సేల్ చీటీ మీద ఈ ఖర్చు ఎవరూ రాయరు, మేమూ ఓటింగ్ రోజున చెప్పడం మర్చిపోయాం. ఆ తప్పు మాదే. దయచేసి దీనితో బిగుసుకుపోయిన బోల్టులు విప్పకండి. పని అయ్యాక స్ప్రింగుని కనిష్ఠ అంకె దగ్గరికి వదిలి పెట్టెలో పెట్టండి.

రాట్చెట్, సాకెట్ల సెట్టు: 6

ఇక్కడ కమిటీ తలవంచుకుంటోంది, పూర్తిగా కాదు, కొంచెం. సేల్ చివరి రోజు, చివరి మూడు గంటలు, 45 శాతం తగ్గింపు, 28 ముక్కలు, రెండే మిగిలాయి అని చూపించింది. వేరా అనే జర్మన్ కంపెనీది. పెద్దాయన "జాబితాలో లేనిది వద్దు" అన్నారు. ఫోన్‌లోనే ఓటు పెట్టాం, ముగ్గురు అవుననీ ఇద్దరు కాదనీ అన్నారు, కొన్నాం.

రాట్చెట్ (సాకెట్ తగిలించి తిప్పే పిడి) బాగుంది, అందులో అబద్ధం లేదు. 72 పళ్ళు, అంటే ఐదు డిగ్రీలు కదిపితే చాలు పట్టుకుంటుంది, చెయ్యి దూరని చోట అది వరం. కానీ 28 ముక్కల్లో మనం వాడేది తొమ్మిది. రాట్చెట్ విడిగా కొని సాకెట్లు మామూలువి తీసుకుంటే మూడు వాటాల్లో అయిపోయేది. సాకెట్ అంటే కొలత సరిగ్గా ఉన్న గట్టి ఉక్కు గొట్టం, అక్కడ మంచి మామూలు రకానికీ దీనికీ తేడా మన చేతికి తెలియదు.

ఆ 45 శాతం సంగతి కూడా తర్వాత బయటపడింది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి ఒక నియమం అమల్లో ఉంది, తగ్గింపు ప్రకటించేవాళ్ళు అంతకు ముందు 30 రోజుల్లో తాము అమ్మిన అతి తక్కువ రేటు కూడా చూపించాలి. ఆ పేజీలోనూ చూపించారు, కింద చిన్న అక్షరాల్లో. దానితో పోల్చితే తగ్గింది ఆరు శాతం. మేము చదవలేదు, టెన్షన్‌లో గడియారం చూస్తున్నాం. ప్లయర్లకి పది వారాలు నోటుబుక్ రాసినవాళ్ళం దీనికి పది నిమిషాలు కూడా ఆగలేదు. అనండి, పడతాం.

"జర్మన్ అన్నారు, పెట్టె మీద చెక్ రిపబ్లిక్ అని ఉంది, మోసపోయారు" అన్న మాట మాత్రం పడం. వేరా కార్యాలయం వుప్పర్టాల్‌లో, తయారీ చెక్‌లో వాళ్ళ సొంత ఫ్యాక్టరీలో. అది వాళ్ళు దాచిన సంగతి కాదు. స్వీడన్ పేరున్న బాకో 1999 నుంచి అమెరికా స్నాప్-ఆన్ చేతిలో ఉంది, ఫ్రెంచ్ ఫాకోమ్ 2006లో అమెరికన్ స్టాన్లీ చేతికి వెళ్ళింది. గెడోర్ అనే జర్మన్ కంపెనీలోనే రెడ్ అని చవక శ్రేణి వేరే ఉంది. జెండా చూసి కాదు, ఏ మోడల్ అనేది చూసి కొన్నాం. సెట్టు విషయంలో మా తప్పు అవసరం చూడకపోవడం, దేశం చూడకపోవడం కాదు.

మొత్తం ఖర్చు: 33
నిల్వ: 2

35 వాటాల్లో, కాలిబ్రేషన్‌తో కలిపి, 26 యూరప్ పనిముట్లకే వెళ్ళాయి, ఎవరూ కూడనక్కర్లేదు, మేమే కూడి చెబుతున్నాం. అందులో ఇరవై మళ్ళీ అలాగే ఖర్చు పెడతాం, ఆరు పెట్టం.

నిల్వలో ఒకటి వచ్చే ఏడాది కాలిబ్రేషన్‌కి తీసి పెట్టాం. ఇంకొకటి అలాగే ఉంది. సెట్టులో వాడని పందొమ్మిది ముక్కలు అమ్మేద్దామా అని అడిగారు, విడిగా అయితే ఎవరూ కొనడం లేదు, కావలసినవాళ్ళు సభ్యుల్లో ఎవరైనా ఉంటే చెప్పండి. ఇవ్వాల్సిన ఐదు వాటాలు ఈ నెలాఖరులోగా ఇస్తే సైడ్ కటర్ కొత్తది తీసుకుంటాం, సేల్ ఉన్నా లేకపోయినా. వాడే తొమ్మిది సాకెట్లలో 13 నంబరుది నాలుగు రోజులుగా పెట్టెలో లేదు, పుస్తకంలో సంతకమూ లేదు. తీసుకెళ్ళినవారు ఏమీ చెప్పకుండానే తెచ్చి పెట్టేయొచ్చు, మేమూ ఏమీ అడగం.

కమిటీ