అమ్మమ్మ చెయ్యి ఆగిపోయిన ఫోటో గురించి

నల్గొండ

బిడ్డా,

నువ్వు డ్రైవ్‌లో పెట్టిన ఫోటోలన్నీ స్టూడియోలో పెద్ద మానిటర్ మీద చూశాను. పుట్టపాకలో అమ్మమ్మ ఆసు పోస్తుంటే, అదే, చీర నేసే ముందు దారాన్ని కొయ్యలకు చుట్టే పని చేస్తుంటే తీసినవి ఉన్నాయి కదా, వాటి గురించే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెప్తే అంకెలు గుర్తుండవని రాస్తున్నా.

ఫ్రేమ్ బాగుంది. కిటికీ వెలుగు ముఖం మీద పడేలా నిలబడ్డావు, అది నీకు నేను నేర్పింది కాదు, నీ కంటికే తట్టింది, చాలా సంతోషమైంది. కానీ ఆ ఫోటోలో అమ్మమ్మ ఆసు పోస్తున్నట్టు లేదు, చెయ్యి చాపి ఊరికే కూర్చున్నట్టుంది. వివరాలు తెరిచి చూస్తే షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరుచుకుని ఉండే సేపు, 1/500 సెకను, ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుగును పట్టే సున్నితం, 12800. స్పోర్ట్స్ మోడ్‌లో పెట్టి ఉంటావు. కదిలేదాన్ని ఆపడమే ఆ మోడ్ పని, కెమెరా తన పని తను చేసింది. ఆపాలా వద్దా అన్నది మాత్రం నువ్వు ముందే అనుకోవాలి.

నేను ఆ ఆసు పక్కనే కూర్చుని చదువుకున్నదాన్ని. ఇటు ఒక కొయ్య, అటు అర్ధచంద్రంలా వరస కొయ్యలు, దారం పట్టుకుని ఒక్కో కొయ్యకు చుట్టి వెనక్కి రావడం, మళ్లీ పోవడం, ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. రాత్రికి అమ్మమ్మకు భుజం లేచేది కాదు, జడ వేయమంటే అక్కను పిలిచేది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఆ నొప్పి చూడలేకే 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకు. ఇప్పుడు మనవాళ్ల ఇంట్లో కూడా యంత్రమే. అమ్మమ్మ చేత్తో పోసింది నువ్వు అడిగినందుకే. అలాంటప్పుడు ఆ పోవడం, రావడం ఫోటోలో కనపడకపోతే నాకు మనసొప్పదు.

మళ్లీ తియ్యి. ఎం మోడ్‌లో, అంటే మాన్యువల్‌లో పెట్టుకో, అపర్చర్, అదే లెన్స్‌లో వెలుగు వచ్చే కంత, 5.6 దగ్గర వదిలెయ్యి, ఐఎస్‌ఓ ఆటోలో పెట్టు. ఇక నువ్వు ముట్టుకునేది షట్టర్ స్పీడ్ ఒక్కటే. కూర్చున్న చోటు కూడా మార్చకు, రెండు మూడు ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. 1/500లో ఒకటి తీసి 1/250కి రా, తర్వాత 1/125, 1/60, 1/30, 1/15. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా షట్టర్ రెండింతల సేపు తెరుచుకుంటుంది, వెలుగు రెండింతలు వస్తుంది, కాబట్టి ఐఎస్‌ఓ సగానికి సగం తగ్గుతూ పోతుంది, 12800 కాస్తా 6400, 3200 అలా 1/15కి వచ్చేసరికి 400 అవుతుంది. కెమెరా పాతదైంది, ఫోటో గింజలు గింజలుగా వస్తోంది అన్నావు చూడు, కెమెరాకు ఏం కాలేదు. ఆ చీకటి గదిలో 1/500 అడిగితే ఏ కెమెరా అయినా ఐఎస్‌ఓ పెంచే ఇస్తుంది, అది పెరిగితే గింజలు వస్తాయి.

1/125లో వేళ్ల కొసలు కొంచెం చెదురుతాయి. 1/30లో దారం పోయే దారి తెలియడం మొదలవుతుంది. నా లెక్కన నీకు కావలసింది 1/15 దగ్గరే ఉంటుంది. ఇంకా కిందికి, 1/4కి పోతే చెయ్యే కరిగిపోయి మసక మిగులుతుంది, అది కూడా ఒకటి తీసి చూడు కానీ ముఖం కూడా ఊగిపోతుంది, ఎందుకంటే ఆసు పోసేవాళ్లు చేతితో పాటు ఒళ్లంతా కొంచెం వంగుతారు. కొయ్యకు చుట్టేటప్పుడు చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది, అప్పుడు కాదు, మధ్యలో ఉన్నప్పుడు నొక్కు. ఫోకస్ కంటి మీద.

ఇంకొకటి, ఇది చాలామంది పెళ్లి ఫోటోలు తీసేవాళ్లకు కూడా తెలియదు. మసక రెండు రకాలు. నీ చెయ్యి వణికితే వచ్చేది ఒకటి, అమ్మమ్మ చెయ్యి కదిలితే వచ్చేది ఒకటి. తీయగానే పెద్దది చేసి కొయ్యలు చూడు. కొయ్యలు కూడా మసకగా ఉంటే కదిలింది నువ్వు. కొయ్యలు నిక్కచ్చిగా ఉండి చెయ్యి ఒక్కటే చెదిరిందంటే సరిగ్గా వచ్చినట్టు. లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంది కదా అని ధీమా పడకు, అది నీ వణుకును ఆపుతుంది కానీ ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. ట్రైపాడ్ తీసుకుపో. లేకపోతే గోడకు ఆనుకుని, మోచేతులు పక్కటెముకలకు అదిమి పట్టుకుని, ఊపిరి వదిలేటప్పుడు నొక్కు.

అక్కడ ట్యూబ్‌లైట్ వేస్తారు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఆ పాత చోక్ లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, కంటికి తెలియదు గానీ 1/500కి తెలుస్తుంది. ఒక ఫోటో పచ్చగా, ఇంకోటి నల్లగా వచ్చాయి చూడు, అది అందుకే. 1/100, 1/50, 1/25 అయితే ఆ గొడవ ఉండదు. కుదిరితే లైటు ఆర్పి తలుపు తెరువు, పగటి వెలుగును మించింది లేదు.

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు తీసిన ఫోటోలో నీళ్లు పాలలా ఎందుకు రాలేదని అడిగావు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్‌ఓ 100 పెట్టి అపర్చర్ 16 దాకా మూసినా స్పీడ్ 1/125 దగ్గర ఉంటుంది, 22కి మూస్తే 1/60, అంతకన్నా దిగలేవు. వెలుగును 64వ వంతుకు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెడితే ఆ 1/60 కాస్తా ఒక సెకను అవుతుంది. కానీ నాకైతే సాగర్‌కు అది నచ్చదు. అంత పెద్ద డ్యామ్ గేట్ల నుంచి దూకే నీళ్లను పాలమీగడ చేస్తే ఆ హోరు, ఆ బలం పోతాయి, అక్కడ 1/1000 పెట్టి ఒక్కో తుంపర పట్టుకో. పాలధార కావాలంటే నల్లమలలో మల్లెల తీర్థం పో, చెట్ల నీడలో ట్రైపాడ్ ఉంటే ఫిల్టర్ లేకుండానే అర సెకను దొరకొచ్చు.

బతుకమ్మకు వస్తావు కదా, అప్పుడు చూద్దాం, నడుమ బతుకమ్మలు కదలవు, చుట్టూ ఆడవాళ్లు తిరుగుతుంటారు, 1/8కి అంతకన్నా మంచి చోటు లేదు.

ఆదివారం పుట్టపాక పోతానన్నావు. అమ్మమ్మను ముందే అడుగు, ఇంటికి పోయి కెమెరా తీయగానే ఆసు ముందు కూర్చోబెట్టకు. ముందు 1/15, 1/30 తీసుకో, మిగతా స్పీడ్లు తర్వాత. భుజం లాగుతోంది అందంటే ఎన్ని మిగిలినా సరే ఆపెయ్యి, ఇంకో పది సార్లు చుట్టు అని బతిమాలకు, నీకోసం కాదనలేక పోస్తూనే ఉంటుంది. ఫోటోలు వాట్సాప్‌లో పంపకు, సెట్టింగుల వివరాలు పోతాయి. రా ఫైల్స్, అదే కెమెరా తీసినవి తీసినట్టు దాచే ఫైల్స్, అట్లాగే డ్రైవ్‌లో పెట్టు, చెడిపోయినవి కూడా తీసెయ్యకు, అవే నాకు ముందు చూడాలనుంది.

మీ అమ్మ