నానమ్మ జ్ఞాపకార్థ కూడికలో మాట్లాడబోయే నీకు

ప్రియమైన అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. నానమ్మ జ్ఞాపకార్థ కూడికలో మనవళ్లు, మనవరాళ్ల తరఫున నిన్ను మాట్లాడమని సంఘ పెద్దలు కోరినట్టు అమ్మ చెప్పింది. నువ్వు పుట్టకముందటి సంగతులు కొన్ని వ్రాస్తున్నాను.

తాతగారు ప్రభువునందు నిద్రించేనాటికి మేమంతా బడికి వెళ్లే పిల్లలం. ఆనాటి నుంచి ఇల్లు గడిచింది ఒక్క కుట్టుమిషను మీదే. నానమ్మ తెల్లవారకముందే మోకరించి ప్రార్థన చేసుకుని, లేచి నేరుగా మిషను ముందు కూర్చునేది. పిల్లల బట్టలు ఎవరు కుట్టమన్నా, బిడ్డ ఎదిగాక విప్పి వదులు చేసుకోవడానికి వీలుగా కుట్టు లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదిలిపెట్టేది. అలా చేస్తే గిరాకీ తగ్గుతుందని తోటివాళ్లు చెప్పినా మానలేదు. ఆమె భక్తి ఎలాంటిదో నాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కడే కనిపించేది.

శనివారం రాత్రి ఎంత పని మిగిలినా మిషనుకు ముసుగు వేసేసేది. ఆదివారం అందరికంటే ముందు మందిరానికి వెళ్లి బల్లలు తుడిచేది. బైబిలు చివరి ఖాళీ పేజీలో ఎవరెవరి కోసం ప్రార్థించాలో పెన్సిలుతో వ్రాసుకునేది: జబ్బుపడినవాళ్లు, పరీక్షలు వ్రాసే పిల్లలు, మాటలు మానేసిన అన్నదమ్ములు. ప్రార్థన నెరవేరినా పేరు కొట్టేసేది కాదు; కృతజ్ఞత చెప్పడానికి పక్కన చిన్న గీత పెట్టుకునేది. ఆ పేజీలో ‘పుట్టబోయే బిడ్డ’ అని ఉన్నది నువ్వే.

ఆమెకు కోపం ఎక్కువన్న సంగతి దాచనక్కరలేదు. అబద్ధమాడితే సొంత బిడ్డలనైనా విడిచిపెట్టేది కాదు.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం ఒకసారి చదువు. యొప్పే పట్టణంలో దొర్కా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు విధవరాండ్రందరూ అపొస్తలుడైన పేతురు దగ్గర నిలిచి ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలనూ వస్త్రాలనూ చూపించారు. నువ్వూ భక్తిపరురాలు, కష్టజీవి అని విశేషణాలు పేర్చకుండా, నానమ్మ చేసినవి చెప్పు. నానమ్మ కుట్టిన నీ చిన్నప్పటి గౌను అమ్మ దగ్గర భద్రంగా ఉంది. దాన్ని తీసుకెళ్లి లోపలి కుట్టు తిప్పి చూపించు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో, తిమోతిలోని విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో ఉండేదని పౌలు అంటాడు. ఆ 5వ వచనంతో మొదలుపెడితే మనవరాలి నోట బాగుంటుంది.

మీ అత్తకు నాకంటే ఎక్కువ గుర్తుంది, ఆమెకూ ఫోను చెయ్యి. వ్రాసుకున్నాక ఒకసారి నాకు చదివి వినిపించు.

ప్రేమతో,
నాన్న