అమెరికన్ల సివిక్స్ మార్కులు చూసి నవ్వడం మానండి

సంపాదకుల వారికి,

అమెరికన్లలో మూడింట రెండు వంతుల మంది తమ సొంత దేశపు పౌరసత్వ పరీక్ష పాసవ్వలేరంటూ మీ అమెరికా పేజీలో ఆమధ్య వేసిన వార్త, దాని మీద తర్వాత వచ్చిన పాఠకుల ఉత్తరాలు చదివాను. అప్పటినుంచి రాయాలనుకుంటూ ఈరోజుకి కూర్చున్నాను. మన పెద్దవాళ్లు పౌరసత్వ ఇంటర్వ్యూలో అన్నీ కరెక్టుగా చెబుతుంటే ఇక్కడే పుట్టినవాళ్లకు సుప్రీంకోర్టులో ఎంతమంది జడ్జీలో తెలియదని ఒకాయన ఎగతాళి చేశారు. ఓటు వేసేముందు అందరికీ ఆ పరీక్ష పెట్టాలని ఇంకొకాయన సలహా ఇచ్చారు. మొదటి ఉత్తరం చదివితే బాధేసింది. రెండోది చదివితే భయమేసింది.

ముందు మీ వార్త సంగతి. అది వుడ్రో విల్సన్ ఫౌండేషన్ 2018లో చేయించిన సర్వే. ఏ ఏడాదిదో రాయకుండా నిన్నమొన్న జరిగినట్టు ఎందుకు వేశారు? 36 శాతం మందే గట్టెక్కారని పెద్ద అక్షరాల్లో పెట్టారు గానీ అందులోని అసలు విషయం వదిలేశారు. అదే సర్వేలో 65 ఏళ్లు, ఆ పైబడినవాళ్లలో 74 శాతం మంది పాసయ్యారు. 45 ఏళ్ల లోపువాళ్లలో 19 శాతమే. పెద్ద తరానికి బడిలో నేర్పినంత శ్రద్ధగా చిన్న తరానికి నేర్పలేదని నాకు అర్థమైంది. 2002లో బడుల పనితీరును పిల్లల పరీక్ష మార్కులతో కొలిచే నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం వచ్చాక మార్కుల ఒత్తిడంతా రీడింగ్, లెక్కల మీద పడింది. సోషల్ స్టడీస్ పీరియడ్లు కోసి వాటికిచ్చిన బడులు ఎన్నో. 2022 జాతీయ పరీక్షల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో సివిక్స్‌లో ప్రొఫిషియెంట్, అంటే పాఠం బాగా వచ్చిందనే స్థాయి అందుకున్నది 22 శాతం, అమెరికా చరిత్రలో 13 శాతం. అలాంటి తరగతి గదుల్లోనే మన పిల్లలూ కూర్చుంటున్నారు. ఎవరిని చూసి నవ్వుతున్నట్టు?

ఇక మనవాళ్ల గొప్ప. మా ఊరి లైబ్రరీలో పౌరసత్వానికి దరఖాస్తు చేసిన తెలుగు పెద్దవాళ్లకు వారాంతాల్లో పాఠాలు చెబుతుంటాను కాబట్టి నాకు తెలుసు. ఆ పరీక్షలో ప్రశ్నలూ జవాబులూ ప్రభుత్వమే ముందుగా అచ్చువేసి ఇస్తుంది. మొన్నటిదాకా 100 ప్రశ్నల్లోంచి పది అడిగితే ఆరు చెప్పాలి. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు 128 ప్రశ్నలు, అడిగేవి ఇరవై దాకా, పన్నెండు చెప్పాలి. మోకాళ్ల నొప్పులతో వచ్చి కూర్చుని, ఇంగ్లీషు నోరు తిరగకపోయినా పట్టుదలగా నేర్చుకునే ఆ అమ్మలంటే నాకు ఎంతో గౌరవం. అయినా ఉన్నమాట చెప్పాలి. ప్రభుత్వంలో మూడు శాఖలు ఏవంటే ఠక్కున చెబుతారు. ప్రెసిడెంట్ వద్దని తిప్పి పంపిన బిల్లు ఏమవుతుందంటే ఆగిపోతారు. నెలల తరబడి బట్టీ పట్టి వెళ్లినవాళ్ల మార్కులు, ఏ కబురూ లేకుండా అడిగితే చెప్పినవాళ్ల మార్కులు పక్కపక్కన పెట్టడం న్యాయమేనా? మన ఊళ్లలో ఎంతమందికి తమ ఎంపీటీసీ పేరు తెలుసు?

ఆ అమ్మల కష్టం గురించి మీ పేజీలో ఒక్క ముక్క రాలేదు. 55 ఏళ్లు దాటి గ్రీన్‌కార్డు మీద 15 ఏళ్లు ఉంటే తెలుగులో జవాబు చెప్పవచ్చు. 65 దాటి 20 ఏళ్లు ఉంటే ఇరవై ప్రశ్నలే చదువుకోవచ్చు. పిల్లలు స్థిరపడ్డాక అరవై ఏళ్లకు వచ్చినవాళ్లకు అన్నేళ్లు ఎప్పుడు నిండాలి? ఆన్‌లైన్‌లో దరఖాస్తుకే 710 డాలర్లు. ఇంత కట్టించుకుని ప్రశ్నలు పెంచుకుంటూ పోయే అధికారులు నేర్పడానికి చేస్తున్నది చాలదు.

ఓటుకు పరీక్ష అన్న ఉత్తరానికి వస్తాను. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 18 నుంచి 24 ఏళ్లవాళ్లు ఓటు వేయాలంటే ఈ పరీక్ష పాసవ్వాలని, లేదంటే సైన్యంలోనో అత్యవసర సేవల్లోనో పనిచేయాలని రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన వివేక్ రామస్వామి 2023లో ప్రతిపాదించారు. అంతకు చాలా ముందే ఈ దేశం ఇది చేసి చూసింది. 1965లో ఓటింగ్ హక్కుల చట్టం వచ్చేదాకా మిసిసిపీలో ఓటరుగా నమోదవ్వాలంటే ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగానికి అర్థం చెప్పమనేవారు. ఆ అర్థం సరైనదో కాదో తేల్చేది కౌంటీ రిజిస్ట్రార్. దక్షిణాది రాష్ట్రాల్లో బడిపంతుళ్లుగా పనిచేసే నల్లజాతివాళ్లను కూడా ఇలాంటి పరీక్షల పేరుతో వెనక్కి పంపారు. మనకూ ఇందులో పాఠం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌ను, తెల్లవాడు కాదు కాబట్టి పౌరుడు కాలేడని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో చట్టం మారేదాకా భారతీయులకు ఆ తలుపు మూసే ఉంది. ఆ వరసలోంచి వచ్చిన మనమే ఇంకొకరి ఓటుకు అడ్డం నిలబడతామా?

చేయాల్సిన పని బడిలో ఉంది. పిల్లలకు ఆ పౌరసత్వ పరీక్షలోని 100 ప్రశ్నలే పెట్టి చేతులు దులుపుకోవడం చాలదు. 2015లో అరిజోనా మొదలుపెట్టిన ఆ పద్ధతి నాకు నచ్చదు, అదీ బట్టీయే. మా న్యూజెర్సీ 2021లో మంచి చట్టం చేసింది. మిడిల్ స్కూల్లో కనీసం సగం ఏడాది సివిక్స్ చెప్పాలి. 79 ఏళ్ల పాటు పోలింగ్ కేంద్రంలో పనిచేసిన లారా వూటెన్ అనే మహాతల్లి పేరు దానికి పెట్టారు. ఆ పాఠం ఏ బడిలో ఎలా చెబుతున్నారో అడిగినవాళ్లున్నారా? ఊరి బడులను నడిపే, మనం ఓటేసి ఎన్నుకునే స్కూల్ బోర్డు సమావేశానికి ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. మనవాళ్లు పిల్లల్ని పైస్థాయి లెక్కల తరగతిలో వేయించే మ్యాథ్ ప్లేస్‌మెంట్ కోసం వెళ్లి గట్టిగా మాట్లాడతారు, సివిక్స్ మాట ఎత్తినవాళ్లను నేనింకా చూడలేదు. అధ్యక్ష ఎన్నికలకు కార్లు వేసుకుని వెళ్లి ఓటేసేవాళ్లు స్కూల్ బోర్డు పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఖాళీ వదిలేస్తున్నామని వాళ్లే చెబుతారు.

మీకు ఇక్కడ ఇన్ని పేజీలున్నాయి, పెళ్లిళ్లూ సన్మానాలూ వేస్తున్నారు. వచ్చే స్కూల్ బోర్డు ఎన్నికల ముందు మన ఊళ్ల అభ్యర్థుల్ని సివిక్స్ పాఠాల గురించి అడిగి, వాళ్ల జవాబులు పేర్లతో సహా వేయండి. ఆ సర్వే ఏ ఏడాదిదో కూడా సవరణ వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ