ఆ పేరా తీసెయ్యకు బిడ్డా

బిడ్డా,

గొల్ల రామవ్వ కథ చదివి, దాన్ని మీ ఇంటి పెంపకంతో కలిపి రాయమని మీ మేడమ్ అడిగితే నువ్వు రాసిన ఆరు పేజీల ఫొటోలు మొన్న రాత్రి అందినయి. ఫోన్‌లో వేళ్లతో పెద్దవి చేసుకుంటూ రెండుసార్లు చదివాను. "నాయినా, మూడో పేజీలో మన ఇంటి సంగతి రాసిన. నీకు కష్టమనిపిస్తే తీసేస్తా" అన్నావు. తీసెయ్యకు. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో నా గొంతు పట్టేస్తుంది, అందుకే కాగితం మీద రాస్తున్నా.

ముందు కథ గురించి. మీ మేడమ్ చదవమన్న గొల్ల రామవ్వ కథ నేను ఇదివరకు చదవలేదు. పీవీ నరసింహారావు గారు విజయ అనే కలంపేరుతో 1949లో కాకతీయ పత్రికలో రాశారని నీ పేజీల్లోనే చూశాను. పక్కింటి పిల్లగానితో ఫోన్‌లో వెతికించి నిన్న పొద్దున చదివాను. నిజాం రాజ్యం చివరి రోజులు, తుపాకుల భయం, చీకటి రాత్రి. ముసలవ్వ ముక్కూ మొహం తెలియని యువకుణ్ని గుడిసెలో దాచి, పోలీసులొస్తే తన ఇంటి మనిషే అంటుంది. మీ క్లాసులో చాలామంది ఆమె ధైర్యం గురించే రాసి ఉంటారు. నువ్వు మాత్రం అదే గుడిసెలో ఉన్న మనవరాలిని చూశావు. "ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు" అని రాశావు. ఆ మాట దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

నాకైతే ఆ అవ్వ లోపలికి రానిచ్చిన తీరే మనసులో నిలిచిపోయింది. నేనూ మీ అమ్మా మొదటిసారి కూలి పనికి ముంబై పోయినప్పుడు, పనికి పిలిచిన మేస్త్రి చెప్పిన చోటు దొరకలేదు. వాన. ఒక మరాఠీ ఆమె మమ్మల్ని తన వరండాలో పడుకోనిచ్చింది. మీ ఊరేది, మీ కులమేది అని అడగలేదు, చాప తెచ్చి పరిచింది. ఇన్నేళ్లలో ఆమె గురించి నేను ఎవరికీ చెప్పలేదు. కథ చదివితే యాదికొచ్చింది. కాబట్టి మీ మేడమ్ అడిగిన ప్రశ్న మంచిదే.

ఇక మూడో పేజీ. "నాకు ఆరేళ్లప్పుడు అమ్మానాయినలు నన్ను అవ్వ దగ్గర వదిలి పోయారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు" అని రాశావు. నిజమే, చెప్పలేదు. ఇప్పుడు చెబుతా.

కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది మన నారాయణపేట జిల్లా తంగిడి దగ్గరే. అయినా మన చేను మెట్ట మీద ఉంది, వాన పడితేనే కంది, జొన్న. రెండు బోర్లు వేస్తే రెండూ ఫెయిలైనయి. ఆ అప్పుకు మిత్తి పెరిగి, మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం. అంతకుముందు ఏడాది నిన్ను వెంట తీసుకుపోయాం, నీకు గుర్తుండదు. బిల్డింగు పని దగ్గర ఇసుక కుప్పలో కూర్చొని చిన్న చిన్న గవ్వలు ఏరుకునేదానివి. ఒకరోజు ఇసుక లారీ వెనక్కి వస్తోంది, నువ్వు సరిగ్గా దాని చక్రం పక్కనున్నావు. ఎవరో కేక వేశారు. మీ అమ్మ తట్ట కింద పడేసి ఉరికింది. నీకు ఏమీ కాలేదు. నీ పిడికిట్లో గవ్వలు అట్లనే ఉన్నయి. మళ్లీ ఏడు నిన్ను తీసుకురావద్దని ఆ రాత్రే అనుకున్నాం.

2012లో దీపావళి దాటినంక, తెల్లవారుజామున బస్సు. మీ అవ్వ దారికి జొన్నరొట్టెలు కొడుతోంది. నీ మీద గొంగడి సరిచేద్దామని వంగాను. నువ్వేం రాశావు? "నేను మేలుకొనే ఉన్నా. నిద్రపోయినట్టు పడుకున్నా. ఆ సంగతి వాళ్లకు ఈరోజుకీ తెలియదు."

నాకు తెలుసు బిడ్డా. నీ రెప్పలు అదురుతున్నయి. నువ్వు కళ్లు తెరిస్తే నేను బస్సెక్కలేనని, చూడనట్టు లేచి పోయాను. ఆరేళ్ల పిల్లకు ఏం చెప్పినా ఏం అర్థమవుతుందిలే అనుకున్నా. నీకు అప్పటికే అంతా అర్థమైంది, అందుకే కళ్లు తెరవలేదు. నిన్ను లేపి, నీతో చెప్పి పోవాల్సింది. నీ కోపం అట్లనే ఉండనీ, దాన్ని మెత్తగా చేసి రాయకు. "తెలియదు" అన్న ఒక్క మాట మాత్రం మార్చు.

ఇంకొకటి అడుగుతా. అవ్వ గురించి ఒక్క వాక్యమే రాశావు. పెంపకం అని మీ మేడమ్ అడిగితే, నిన్ను పెంచింది ఆమె కదా. మీ తాత నాగార్జునసాగర్ కట్టకు రాళ్లు మోసినోడు. 1955లో శంకుస్థాపన జరిగింది, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. అక్కడ పనిలో ఆయన గడిపిన ఏండ్లన్నీ, మీ పెద్దత్తను చంకనేసుకొని ఈ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. తర్వాత నేను పోయాను. అప్పుడు నువ్వు ఆమె చేతికొచ్చావు. ఆమెకు అక్షరం రాదు. అయినా దినాం పొద్దుగూకినాక బల్బు కింద నీ పుస్తకం తెరిచి, వరసల మీద వేలు పెట్టి గట్టిగా చదివించేది. నువ్వు ఒక వరస దాటేస్తే వేలు అక్కడే ఆపి "ఇది ఎందుకు సదవలే?" అనేది. నేను సెలవుకు వచ్చినప్పుడు కళ్లారా చూశాను. అది రాయి. ఒక పేజీ పెరిగితే పెరగనీ.

నిన్న సాయంత్రం ఆమెకు రామవ్వ కథ నాకు వచ్చినట్టు చెప్పాను. కందులు చెరుగుతూ విన్నది. పోలీసుల సంగతి అడగలేదు, ఆ పిల్లగాడు తప్పించుకున్నాడా అని కూడా అడగలేదు. చాట పక్కన పెట్టి, "ఆ రాత్రి ఆ మనుమరాలు ఏమన్నా తిన్నదా?" అన్నది. నేనేం చెప్పలేకపోయాను. దసరా సెలవులకు వచ్చినప్పుడు కథ మొత్తం నువ్వే చదివి వినిపించు. అడుగుతూనే ఉంది.

మీ నాయిన