"కొత్త గుడ్డ" చీటీతో ఉన్న బొంతల సంగతి

మా బొంతలు వాడుతున్న అందరికీ నమస్కారం.

వేసవి నుంచి మా దగ్గర మీరు కొన్న నీలం గళ్ల బొంతలు, మేము చెప్పి అమ్మినట్టు, దర్జీల దగ్గర మిగిలిన వ్యర్థపు ముక్కలతో చేసినవి కావు. మాకు ముక్కలు పంపే వ్యాపారి కొత్త తాన్లు కొని, కోయించి, "కటింగ్ వేస్ట్" అని మూట కట్టి పంపాడు.

ముక్కల ఆకారమే పట్టిచ్చింది. దర్జీ బల్ల మీద మిగిలే ముక్క వంకరగా ఉంటుంది. మెడ కోసిన చోట నెలవంక, చంక దగ్గర వంపు, మధ్యలో సన్నని మూలలు. ఈ మూటల్లో అన్నీ జానెడు చదరాలే. ఒక చదరం అంచున మిల్లు ముద్ర సగం కనిపించింది. మూటలో వెతికి ఇంకో చదరం పక్కన పెడితే మిగతా సగం సరిగ్గా కలిసింది.

ఫోను చేసి అడిగితే ఆ వ్యాపారి ఏమీ దాచలేదు. "ఒకే రంగు, ఒకే సైజు కావాలన్నారు కదమ్మా, అలాంటి వ్యర్థం ఎక్కడ దొరుకుతుంది? చేయించాలి" అన్నాడు. వ్యర్థాన్ని చేయించడం! రంగు అడిగిన మాట నిజమే, మీలో చాలామంది అడిగారు కాబట్టి. సైజు మాత్రం నేను అడగలేదు.

కుట్టి సిద్ధంగా ఉన్న బొంతలను ఏం చేయాలన్నదే నాకు నిద్ర లేకుండా చేసింది. విప్పించేస్తే మంచి గుడ్డను మేమే పేలికలు చేసినట్టు. దానం చేసి మంచిపేరు తెచ్చుకోమని ఇంట్లో సలహా. అబద్ధపు సరుకును దానం పేరుతో వదిలించుకోవడం నాకు నచ్చలేదు. చివరకు ప్రతిదాని మీదా "కొత్త గుడ్డ" అని చీటీ కుట్టించి అమ్మకానికి పెట్టాను. ధర తగ్గించను, అడగవద్దు. కుట్టిన ఆడవాళ్ల చేతికి ఇందులో పని ఏమీ తగ్గలేదు. ముందే కొన్నవారు బొంత తెచ్చిస్తే మొత్తం డబ్బు తిరిగి ఇస్తాను, ఉతికినదైనా సరే.

చండీగఢ్ రాక్ గార్డెన్ చూసి వచ్చాకే ఈ పని మొదలుపెట్టానని పాతవాళ్లకు తెలుసు. పగిలిన గాజులు, పింగాణీ పెంకులు ఏరి నేక్‌చంద్ ఏళ్ల తరబడి రహస్యంగా కట్టిన తోట అది. 1976లో జనానికి తెరిచారు. ఆయనకూ "ఈ రంగు గాజులే కావాలి" అని ఆర్డర్లు వచ్చి ఉంటే ఏం చేసేవారో అని ఈ మధ్య తరచూ అనుకుంటున్నాను.

ఇకమీదట ముక్కలు మా చుట్టుపక్కల దర్జీల నుంచీ మీ పాత నూలు చీరల నుంచే. అనుమానం వచ్చిన ముక్కలోంచి పోగు లాగి కాలుస్తాం. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది, అది పక్కకు పోతుంది. రంగు ఎంచుకునే వీలు తీసేశాను. నీలం బొంతకు ముందుగా డబ్బు కట్టినవారు ఫోను చేయండి.

ఇంట్లోని చీరలు ఇచ్చి కుట్టించుకునేవారికి ఏ మార్పూ లేదు. చలికాలం లోపు కావాలంటే ఉతికి, ఫాల్ విప్పి పంపండి. ఫాల్ మేము విప్పితే కూలి వేరు.