పరిష్కరించకుండానే మూసేసిన ఫిర్యాదు (టికెట్) గురించి

హోస్టింగ్ కంపెనీ కస్టమర్ సేవల అధికారి గారికి,

అయ్యా,

ఈ ఉత్తరం చదివేది మనిషేనన్న ఆశతో రాస్తున్నాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న వాక్యం మాత్రం జవాబుగా పంపకండి. అది నాకు కంఠతా వచ్చేసింది.

మాది శ్రీకాకుళం. పొందూరు ఖద్దరు అమ్మే ఒక దుకాణం సైటు మీ సర్వర్ మీద నడుపుతున్నాను. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికిన నూలు అది. కొనేవాళ్లు ఫొటో పెద్దది చేసి పోగు చూసుకుంటారు, చిన్న ఫొటో పెడితే మిల్లు బట్టకీ దానికీ తేడా తెలీదు. ఫొటో 2 ఎంబీ దాటితే మీ సర్వర్ తీసుకోదు. ఆ అప్‌లోడ్ పరిమితి పెంచమన్నాను, అంతే. కుదరదని మొదటి రోజే చెప్పేసి ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు.

మొదట దొరికిన కుర్రాడు "కోడ్‌లో ఐఎన్ఐ సెట్ అని ఒక లైను రాసుకోండి సార్" అన్నాడు. సైటు నడిచే పీహెచ్‌పీ భాషలో, సెట్టింగులని కోడ్ నుంచే మార్చే ఆదేశం అది. స్క్రిప్టు వాడుకునే మెమరీ పరిమితి లాంటివి అది నడుస్తుండగా అలా మార్చుకోవచ్చు. అప్‌లోడ్ పరిమితి అలా మారదు, మన లైను నడిచేసరికే ఫైలుని కొలవడం, తోసేయడం అయిపోతాయి. ఇదంతా ఓపిగ్గా రాసి పంపితే, అదే లైను మళ్లీ వచ్చింది. ఈసారి బోల్డ్ అక్షరాల్లో!

తర్వాత వచ్చిన ఆవిడ, హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో (అపాచీ అనే వెబ్ సర్వర్ చదువుకునే సెట్టింగుల ఫైలు) పీహెచ్‌పీ వాల్యూ అనే లైను పెట్టమంది. పెట్టగానే సైటు మొత్తం ఆగిపోయి 500 ఎర్రర్. మీరు పీహెచ్‌పీని అపాచీ లోపల కాక ఎఫ్‌పీఎం అనే వేరే ప్రోగ్రాం కింద నడుపుతున్నారు, అక్కడ అపాచీకి ఆ మాటే తెలీదు. మీ సర్వర్ ఎలా నడుస్తోందో శ్రీకాకుళంలో కూర్చుని నేను చెప్పాలా? చెప్పాను. "ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అని చాట్ కట్టేసింది.

ఇంకొకాయన సైటు ఫోల్డర్‌లో యూజర్ ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైలు పెట్టి 24 గంటలు ఆగమన్నాడు. ఆ ఫైలుని పీహెచ్‌పీ మామూలుగా 300 సెకన్లకోసారి చదువుకుంటుంది, 24 గంటలు ఎక్కడివో ఆయనకే తెలియాలి. పైగా సెట్టింగులన్నీ చూపించే పీహెచ్‌పీ ఇన్ఫో పేజీలో ఆ ఫైలు పేరు ఉండాల్సిన చోట 'నో వాల్యూ' అని ఉంది. అంటే చదవడమే మీరు ఆపేశారు. చదవని ఫైలు కోసం నన్ను రోజంతా కూర్చోబెట్టారు. దుకాణం ఆయనేమో "ఏటి బాబూ, ఇంకా అవనేదా?" అని ఫోను మీద ఫోను.

చివరికి మీ సీనియర్ గారు దిగారు. 16 ఎంబీ అయిందని టెర్మినల్ స్క్రీన్‌షాట్ పంపారు. అందులోనే ఫైలు దారి కనిపిస్తోంది, సీఎల్ఐ ఫోల్డర్‌ది, అంటే సైటుది కాదు, టెర్మినల్లో టైపు చేసి నడిపే పీహెచ్‌పీది! వీధి గుమ్మం తెరవమంటే పెరటి తలుపు తీసి ఫొటో పంపినట్టుంది. సైటు వాడేది ఎఫ్‌పీఎం ఫోల్డర్‌లోని ఐఎన్ఐ. దాన్ని మార్చాలి, ఒకసారికి పంపే మొత్తం డేటాకి హద్దుగా 8 ఎంబీ దగ్గరున్న పోస్ట్ మాక్స్ సైజునీ పెంచాలి, ఆ తర్వాత ఎఫ్‌పీఎంని రీలోడ్ చేయాలి, మొదలైనప్పుడు చదివిన విలువలతోనే అది నడుస్తుంది కనుక. ఇదే రాశాను. జవాబు లేదు. 'సమస్య పరిష్కరించబడింది' అని టికెట్ మూసి, ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు.

మీ సర్వర్లు పడిపోయిన రోజుల్లో కూడా మిమ్మల్ని వదల్లేదు నేను. విజయనగరంలో స్నేహితులడిగితే మీ పేరే చెప్పాను. వాళ్లకి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కనబడను?

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, మీ ఆఫీసు ఎక్కడున్నా ఫిర్యాదుదారు ఉన్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు కూడా నా ఫోనులో ఉంది. చాట్‌లు, స్క్రీన్‌షాట్‌లు అన్నీ దాచాను, సీనియర్ గారిది ముఖ్యంగా. టికెట్ తెరిచి, ఐఎన్ఐ ఫైలు తెరవడం వచ్చిన మనిషికి అప్పజెప్పండి. లేదంటే మిగిలిన నెలల డబ్బు వెనక్కిచ్చేయండి, సైటు నేనే వేరేచోటికి మార్చుకుంటాను.

ఇట్లు,
ప్రస్తుతానికి మీ కస్టమర్,
శ్రీకాకుళం